నాన్న మ్యాటర్ ఎక్కడికీ పోలేదు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, పొద్దున్నే ఆరున్నరకి నాన్న ఫోన్ చేశారు. ఆ టైములో ఆయన ఎప్పుడూ చేయరు. "అమ్మాయ్, మ్యాటర్ అంతా పోయిందే" అన్నారు. ఆ గొంతు విని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ప్రెస్సు పని తెలియనివాళ్ళకి మ్యాటర్ అంటే ఏంటో ముందు చెప్పాలి. అచ్చు వేయాల్సిన రాతని ప్రెస్సుల్లో మ్యాటర్ అంటారు. నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరేనాటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు. సీసపు అక్షరాల్ని గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి పేర్చేవారు. ఆ కాలం అయిపోయాక 1998లో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని, నేర్చుకున్నారు. 2011లో ప్రెస్సు మూతపడితే, ఇంట్లోనే వీధి గదిలో కంప్యూటర్ పెట్టుకుని శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ పత్రికలు, గుడి ఉత్సవాల కరపత్రాలు చేయడం మొదలుపెట్టారు. అప్పటినుంచీ చేసిన ప్రతి పనిలో బాగా కుదిరిన రాతని విడిగా దాచుకుంటూ వచ్చారు. తాతగారు పిలుస్తున్నట్టు రాసే శుభలేఖ ఒక రకం, తల్లిదండ్రులు పిలుస్తున్నట్టు రాసేది ఇంకో రకం. తండ్రి లేని పెళ్ళికూతురి కార్డులో పేర్లు ఏ వరసలో రావాలో, ఎవరి పేరు ముందు "కీర్తిశేషులు" పెట్టాలో, అవన్నీ ఆయన ఆ ఫైళ్ళలో తేల్చి పెట్టుకున్నారు. అదీ మ్యాటర్ అంటే. మాఘమాసం ముహూర్తాలకి కార్డుల పని ఒత్తిడిగా ఉండే రోజుల్లో అది పోయిందన్నారు.

డిసెంబర్లో పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. దాంట్లో ఉన్నది విండోస్ 7. ఊళ్ళో ఒక షాపులో విండోస్ 11 ఉన్న కొత్తది కొన్నారు. షాపు కుర్రాడు పాత హార్డ్ డిస్క్ ఊడదీసి, అందులోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, నాన్న వాడే పాత తెలుగు పేజీ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్, ఫాంట్లు అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి ఇచ్చాడు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది. మ్యాటర్ జాబితా తెరిస్తే మాత్రం పద్నాలుగే ఉన్నాయి. ఆ పద్నాలుగూ 2011లో సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన నమూనాలు. పన్నెండేళ్ళకి పైగా నాన్న కూర్చినదాంట్లో ఒక్కటీ లేదు. దానికి తోడు తెలుగు టైపింగ్ కూడా పడటం లేదు.

నేను గుంటూరులో ఒక బళ్ళో కంప్యూటర్ టీచర్‌ని. ల్యాబ్‌లో ఇరవై నాలుగు మెషీన్లు, రోజుకి నూట యాభై మంది పిల్లలు. ఎవరికి ఎంతవరకు అనుమతి ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నదే నా రోజువారీ పని. కాబట్టి ఆ ఆదివారం రైలెక్కి తెనాలి వెళ్ళేటప్పుడు, ఫైళ్ళు నిజంగా పోయి ఉండవని నాకొక నమ్మకం. ఎక్కడున్నాయో మాత్రం తెలియదు. ల్యాబ్‌లో ఉండే, హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ అడిగి వెంట తీసుకెళ్ళాను.

షాపు కుర్రాణ్ణి కూడా పిలిపించాను. పాపం, వెంటనే వచ్చాడు. "అక్కా, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ ఫోల్డర్ ఎట్టా ఉందో అట్టాగే కాపీ చేశా. ఒక్క ఫైలు వదల్లేదు" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఫోల్డర్‌లో ఉన్నవి పద్నాలుగే. మిగతావి ఎప్పుడూ ఆ ఫోల్డర్‌లో లేవు. నాన్నకి మాత్రం పన్నెండేళ్ళూ అవి అక్కడే ఉన్నట్టు కనిపించాయి.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. విండోస్ 98 రోజుల్లో ఇంటి కంప్యూటర్‌లో అనుమతి అనే మాటే లేదు. ఎవరు కూర్చుంటే వాళ్ళు ఏ ఫైలైనా తీయొచ్చు, చెరపొచ్చు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో వేర్వేరు అకౌంట్లు వచ్చాయిగానీ, ఇళ్ళల్లో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే, అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్‌లోనే, ఉండిపోయేవాళ్ళు. కాబట్టి ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు, తమ ప్రోగ్రాం ఎక్కడ ఇన్‌స్టాల్ అయితే అక్కడే, అంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే, వాడేవాళ్ళ డేటా కూడా రాసేసేవాళ్ళు. అడ్డు చెప్పేవాళ్ళు లేరు. 2007లో విండోస్ విస్టా వచ్చి ఆ తలుపు మూసింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఏదైనా మార్చాలంటే అడ్మినిస్ట్రేటర్ ఒప్పుకోవాలి. స్క్రీన్ అంతా మసకబారి, "ఈ ప్రోగ్రాంని మార్పులు చేయనిస్తారా" అని అడిగే ఆ చిన్న పెట్టె అప్పుడే మన ఇళ్ళల్లోకి వచ్చింది.

మరి అప్పటికే ఉన్న వేలకొద్దీ పాత ప్రోగ్రాంల సంగతి ఏంటి? అవి ఆగిపోకుండా విండోస్ ఒక ఏర్పాటు చేసింది. పాత ప్రోగ్రాం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఏదైనా రాయబోతే కాదనదు. సరేనని ఆ ఫైలుని తీసుకెళ్ళి వేరేచోట పెడుతుంది. ఎవరి అకౌంట్‌లో పని జరుగుతుంటే వాళ్ళ సొంత ఫోల్డర్‌లో, యాప్‌డేటా లోపల, లోకల్ లోపల, వర్చువల్‌స్టోర్ అనే చోట. మళ్ళీ ప్రోగ్రాం ఆ ఫైలు కావాలని అడిగితే అక్కణ్ణుంచి తీసి ఇస్తుంది. ప్రోగ్రాంకి ఈ మార్పు తెలియదు. ఫైలు తాను పెట్టినచోటే ఉందనుకుంటుంది. నాన్నకీ తెలియదు. పన్నెండేళ్ళు రోజూ ఇలాగే జరిగింది.

యాప్‌డేటా మామూలుగా కనిపించని ఫోల్డర్. షాపులో కాపీ చేసిన కుర్రాడికి అది ఉందన్న అనుమానం వచ్చే అవకాశమే లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నాన్న వాడేది పాత ఫాంట్ల పద్ధతి, అంటే తెలుగు అక్షరాలకి ఇప్పుడందరూ వాడే యూనికోడ్ అనే సంకేతాల పద్ధతి కాదు. ఆ ఫైళ్ళు బయట తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" కూడా ఏవో గజిబిజి ఇంగ్లీషు గుర్తుల్లా ఉంటుంది. అందుకని పెళ్ళివారి ఇంటిపేరు కొట్టి వెతికినా కంప్యూటర్‌కి దొరకదు. ఎక్కడుందో తెలిసినవాళ్ళు వెళ్ళి తీయాల్సిందే.

పాత డిస్క్‌ని అడాప్టర్‌తో కొత్తదానికి తగిలించాను. నాన్న పాత అకౌంట్ ఫోల్డర్ మీద నొక్కగానే, ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదు, శాశ్వతంగా అనుమతి పొందాలంటే కంటిన్యూ నొక్కండి అని వచ్చింది. నాన్న నా భుజం మీదుగా చూస్తున్నారు.

"నా డిస్కేగా అమ్మా అది? నాకు అనుమతి లేకపోవడమేంటి?"

చాలామంది ఇళ్ళల్లో ఇదే ప్రశ్న వస్తుంది. విండోస్ మనిషిని పేరుతో గుర్తుపెట్టుకోదు. అకౌంట్ పుట్టినప్పుడే ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి అంకె ఒకటి ఇస్తుంది. ఫైలు ఎవరిదో ఆ అంకెతోనే రాసుకుంటుంది. కొత్త కంప్యూటర్‌లో అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో అకౌంట్ పెట్టుకున్నా అంకె వేరు. అందుకని కొత్త కంప్యూటర్‌కి ఈ నాన్న వేరు, డిస్క్‌లో ఉన్న ఆ నాన్న వేరు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి ఆయనకి చూపించాను. పేర్లు ఉండాల్సినచోట "తెలియని అకౌంట్" అని రెండు పొడవాటి అంకెలున్నాయి. ఒకటి పాత కంప్యూటర్‌లో నాన్నది. రెండోది షాపులో కంప్యూటర్‌ది. కుర్రాడు అక్కడ కంటిన్యూ నొక్కినప్పుడు అతని అంకె ఆ జాబితాలో చేరి అలాగే ఉండిపోయింది. నేనూ నొక్కితే మూడోది చేరుతుంది.

నేను నొక్కలేదు. ఉన్న ఒక్క ప్రతి అది, దాంట్లో ఏ మార్పూ చేయకూడదనుకున్నాను. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రాంని బ్యాకప్ పద్ధతిలో నడిపాను. దానికి స్లాష్ వేసి బి అక్షరం పెడితే చాలు. అలా చేస్తే డిస్క్‌లోని అనుమతుల్ని ముట్టుకోకుండా ఫైళ్ళని చదివి కాపీ తీస్తుంది. కాపీ అయిన ఫైళ్ళకి పాత అంకెలు అంటుకోవు, కొత్త ఫోల్డర్ అనుమతులే వస్తాయి. ఇలాంటి పనిలో కట్ చేసి పేస్ట్ చేయకండి. ఒకే డ్రైవ్‌లో ఒకచోటినుంచి ఇంకోచోటికి జరిపితే పాత అనుమతులు కూడా వెంటే వస్తాయి. తర్వాత ఫైలు ఎందుకు తెరుచుకోవడం లేదో అంతుపట్టక తల పట్టుకోవాలి.

నల్లటి కమాండ్ విండోలో ఫైళ్ళ పేర్లు పైకి జరుగుతుంటే నాన్న కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. పెళ్ళి ఒకటి, పెళ్ళి రెండు, గృహ ఏడు, కర్మ పదహారు... ఆయన పెట్టుకున్న పేర్లే. "అదిగో, అదిగో" అన్నారు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. పని అయ్యాక కింద లెక్క వచ్చింది. 1,143 ఫైళ్ళు. నాన్న ఏమీ మాట్లాడలేదు. వెళ్ళి అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చారు.

ఫైళ్ళు దొరికాయి. కొత్త కంప్యూటర్ సంగతి అప్పటికింకా అలాగే ఉంది.

సాఫ్ట్‌వేర్ సేవ్ చేయనివ్వడం లేదేమో, మ్యాటర్ అందుకే రావట్లేదేమో అనుకుని కుర్రాడు మూడు పనులు చేశాడు. సాఫ్ట్‌వేర్ ఎప్పుడు తెరిచినా అడ్మినిస్ట్రేటర్‌గానే తెరుచుకునేలా టిక్కు పెట్టాడు. ఆ ఫోల్డర్ మొత్తానికి "ఎవ్రీవన్"కి ఫుల్ కంట్రోల్ ఇచ్చాడు, అంటే ఎవరైనా దాంట్లో ఏదైనా చేయొచ్చు. అనుమతి అడిగే పెట్టె రాకుండా స్లైడర్ని అట్టడుగుకి దించేశాడు. చాలా షాపుల్లో ఈ మూడే మందు. నొప్పి పోతుంది, అందుకే అందరూ ఇదే వాడతారు. ఇది మంచి వైద్యం కాదని నేను గట్టిగా నమ్ముతాను. మా ఇంట్లో ఆ రోజు అది చేసిన నష్టం కళ్ళముందే ఉంది.

తెలుగు టైపింగ్ పడకపోవడానికి కారణం ఆ మొదటి టిక్కే. నాన్న తెలుగు కీబోర్డుకి వాడేది వేరే చిన్న ప్రోగ్రాం. అది గడియారం పక్కన కూర్చుని, నొక్కిన ఇంగ్లీషు మీటని తెలుగు అక్షరంగా మార్చి పంపుతుంది. అది మామూలు హోదాలో నడుస్తోంది. పేజీ సాఫ్ట్‌వేర్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుస్తోంది. కింది హోదాలో ఉన్న ప్రోగ్రాం పై హోదాలో ఉన్నదాని మీటల్ని వినడానికీ, దానికి మీటలు పంపడానికీ విస్టా నుంచి విండోస్ ఒప్పుకోదు. నోట్‌ప్యాడ్ తెరిచి అదే కీబోర్డుతో కొట్టి చూశాను, మీటలు మారుతున్నాయి. పేజీ సాఫ్ట్‌వేర్‌లోకి రాగానే ఇంగ్లీషే పడుతోంది. ఫోల్డర్‌లోంచి ఫొటో లాక్కొచ్చి పేజీ మీద వదిలితే పడకపోవడానికీ ఇదే కారణం. "అయితే ఆ కీబోర్డుకి కూడా అడ్మిన్ పెట్టేద్దాం అక్కా" అన్నాడు కుర్రాడు. వద్దన్నాను.

ఎందుకు వద్దంటున్నానో నాన్నకి కూడా చెప్పాల్సి వచ్చింది. ఆయన అడిగిన మాటలో న్యాయం ఉంది. "నా ఇల్లు, నా కంప్యూటర్, వాడేది నేనొక్కణ్ణే. నన్ను అడగడం ఎందుకు? తలుపులన్నీ తీసేస్తే పోలా?"

"ఆ పెట్టె అడిగేది మీ గురించి కాదు నాన్నా, మీ పేరు మీద నడిచే ప్రోగ్రాం గురించి" అన్నాను. నాన్న దగ్గరికి రోజుకి పది మంది పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తారు. పెళ్ళికొడుకు ఫొటో, గుడి బొమ్మ, పార్టీ జెండా గుర్తు. వాటిలో ఏముందో తెచ్చినవాళ్ళకే తెలియదు. నాన్న నొక్కిన ప్రతిదీ నాన్న అధికారంతోనే నడుస్తుంది. నాన్న అడ్మినిస్ట్రేటరై, అడిగే పెట్టె కూడా తీసేస్తే, పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిన దొంగ ప్రోగ్రాం కూడా ఎవర్నీ అడక్కుండా అడ్మినిస్ట్రేటర్ అయిపోతుంది. అదే మామూలు అకౌంట్ అయితే, పాస్‌వర్డ్ చెప్పమని పెట్టె వచ్చి నిలబడుతుంది. నేనేమీ ఇన్‌స్టాల్ చేయట్లేదే, ఇదెందుకు అడుగుతోందని అనుమానించడానికి మనిషికి ఒక్క క్షణం దొరుకుతుంది.

నాన్న కాసేపు ఆలోచించి, "ప్రెస్సులో కొత్త టైపు బీరువా తాళం ఫోర్మన్ దగ్గరే ఉండేది" అన్నారు. "మాకు కావాల్సినవి మా గళ్ళలో పోసి ఇచ్చేవాడు. మా మీద నమ్మకం లేక కాదు. ఎవరైనా తొందరలో ఒక సైజు తీసి ఇంకో సైజులో పోస్తే, అది విడదీయడానికి వారం పట్టేది." నేను పిల్లలకి ఏడేళ్ళుగా పాఠం చెబుతున్నాను. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మామూలు అకౌంట్ అన్నింటినుంచీ కాపాడదు. ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే రకం దొంగ ప్రోగ్రాం వస్తే, నాన్న సొంత ఫైళ్ళని అది నాన్న అధికారంతోనే పాడుచేయగలదు. దానికి అడ్మినిస్ట్రేటర్ అక్కర్లేదు. దానికి మందు వేరే డిస్క్‌లో ఇంకో కాపీ ఉంచుకోవడమే. ఆ 1,143 ఫైళ్ళకి ఇప్పుడు రెండు కాపీలున్నాయి. ఒకటి మా ఇంట్లో బీరువాలో.

ఇక చేసిన పని. ముందు కుర్రాడు పెట్టిన మూడింటినీ తీసేశాను. స్లైడర్ మళ్ళీ పైకి జరిపాను. అడ్మినిస్ట్రేటర్‌గా వేరే అకౌంట్ ఒకటి చేసి, దాని పాస్‌వర్డ్‌ని నాన్న లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో రాశాను. నాన్న అకౌంట్‌ని స్టాండర్డ్‌కి మార్చాను.

తర్వాత, ఈ సాఫ్ట్‌వేర్ నిజంగా ఎక్కడ రాయాలని చూస్తోందో కనుక్కోవాలి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ప్రాసెస్ మానిటర్ అని ఉచితంగా దొరుకుతుంది. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు ముట్టుకుంటోందో ప్రతి అడుగూ చూపిస్తుంది. మామూలుగా అయితే దాంట్లో "యాక్సెస్ డినైడ్" అని వచ్చిన వరసల్ని వడకట్టి చూడాలి. మాది దారి మళ్ళించే పాత రకం కాబట్టి, వర్చువల్‌స్టోర్ అన్న మాట ఉన్న వరసల్ని వడకట్టాను. నాన్నని ఒక కార్డు తెరిచి, రెండు మాటలు మార్చి, సేవ్ చేయమన్నాను. వేల వరసల్లోంచి రెండే తేలాయి. మ్యాటర్ ఫోల్డర్ ఒకటి. చివర వాడిన ఫాంటు, పేజీ కొలతలు దాచుకునే సెట్టింగ్స్ ఫైలు ఒకటి. అంతే. ఇంత గొడవకి కారణం ఒక ఫోల్డర్, ఒక ఫైలు.

ఆ రెండింటికి మాత్రమే, నాన్న అకౌంట్‌కి మాత్రమే "మాడిఫై" అనుమతి, అంటే రాసి మార్చుకునే అనుమతి, ఇచ్చాను. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ఎడిట్, యాడ్, నాన్న పేరు, మాడిఫై దగ్గర టిక్కు. రెండు నిమిషాల పని. ఫోల్డర్ మొత్తానికి ఎందుకు ఇవ్వలేదంటే, దాంట్లో అసలు ప్రోగ్రాం ఫైలు కూడా ఉంది. దాన్ని ఎవరైనా మార్చగలిగితే, దాని స్థానంలో అదే పేరుతో వేరేదాన్ని పెట్టేయొచ్చు. ఎప్పుడో ఒకరోజు నేనే దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరుస్తాను, అంతటితో తాళంచెవి చేతికిచ్చినట్టే. డేటా వేరు, ప్రోగ్రాం వేరు. మీ ఇంట్లో చేసేటప్పుడు కూడా ఈ రెంటినీ విడదీసి చూడండి.

1,143 ఫైళ్ళని కొత్త మ్యాటర్ ఫోల్డర్‌లో పోశాను. సాఫ్ట్‌వేర్ తెరిచాను. జాబితాలో పదిహేనే ఉన్నాయి.

నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది. ఫోల్డర్ తెరిస్తే అన్నీ ఉన్నాయి. ప్రోగ్రాం తెరిస్తే లేవు. నాన్న ముఖం చూడలేక అమ్మ పెట్టిన అన్నం తినడానికి లేచాను. సగం తిన్నాక తట్టింది. పద్నాలుగు కాదు, పదిహేను! ఆ పదిహేనోది ఎక్కడిది? నాన్నని అడిగితే, కొత్త కంప్యూటర్ వచ్చిన మొదటిరోజు, కుర్రాడు అడ్మిన్ టిక్కు పెట్టకముందు, ఒక కార్డు చేసి సేవ్ చేశానన్నారు. అంటే కొత్త కంప్యూటర్‌లో కూడా ఆ ఒక్క రోజుకి ఒక వర్చువల్‌స్టోర్ పుట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ మ్యాటర్ పేర్లన్నీ ఒక జాబితా ఫైలులో రాసుకుంటుంది. దాని ప్రతి ఒకటి అక్కడ కూర్చుంది. అసలు ఫోల్డర్‌లో ఎంత మంచి జాబితా పెట్టినా, వర్చువల్‌స్టోర్‌లో అదే పేరుతో ఫైలు ఉంటే ప్రోగ్రాంకి విండోస్ ముందు దాన్నే ఇస్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ పదిహేనో కార్డుని భద్రంగా తీసి పక్కన పెట్టి, నీడలా మిగిలిన ఆ జాబితాని అక్కణ్ణుంచి తొలగించాను. మళ్ళీ తెరిచాను. స్క్రోల్ బార్ సన్నగా అయిపోయింది, అంత పొడవు జాబితా.

ఇలాంటివి మీకు ఎదురైతే ఇంకో రెండు విషయాలు చూసుకోండి. మామూలు అకౌంట్‌లో ఉండి, పెట్టె అడిగినప్పుడు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొడితే, ఆ ప్రోగ్రాం ఆ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ పేరు మీదే నడుస్తుంది. దాంట్లో డాక్యుమెంట్స్‌లో సేవ్ చేస్తే అది అడ్మినిస్ట్రేటర్ డాక్యుమెంట్స్‌లోకి పోతుంది, మీ దాంట్లో వెతికితే ఉండదు. "సేవ్ చేశా, మాయమైంది" అని మా బళ్ళో ఆఫీసు గదిలోంచి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇవే. రెండోది ఫాంట్లు. విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన మార్పు తర్వాత, ఫాంటు మీద ఊరికే ఇన్‌స్టాల్ అని నొక్కితే అది ఆ ఒక్క అకౌంట్‌కే చేరుతుంది. ఇంట్లో ఇంకొకరి అకౌంట్‌లో అదే ఫైలు తెరిస్తే అక్షరాలన్నీ గజిబిజి. కుడి బటన్ నొక్కి, అందరికీ ఇన్‌స్టాల్ చేసే వరసని ఎంచుకోవాలి. అప్పుడు అనుమతి అడుగుతుంది. ఆ అడగడం సబబే.

కుర్రాడు సాయంత్రం దాకా ఉన్నాడు. వర్చువల్‌స్టోర్ దారిని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. "విండోస్ 7 నుంచి మార్చిన మెషీన్లు ఈ నెలలోనే ఐదారు ఇచ్చా అక్కా" అన్నాడు. ఆ ఇళ్ళవాళ్ళకి ఫోన్ చేసి, పాత డిస్కులు ఎవరికీ ఇచ్చేయొద్దని చెబుతానన్నాడు. చెప్పాడు కూడా. రెండు రోజుల తర్వాత ఒక కిరాణా కొట్టు లెక్కల ఫైళ్ళు అలాగే దొరికాయని మెసేజ్ పెట్టాడు.

నేను రాత్రి రైలుకి బయల్దేరేటప్పుడు నాన్న ఇంకా వీధి గదిలోనే ఉన్నారు. జాబితాలో కిందికి, కిందికి పోయి, 2014లో చేసిన ఒక ఫైలు తెరిచారు. నా పెళ్ళి కార్డు. మొదటి ప్రూఫు. దాంట్లో ముహూర్తం వరసలో ఒక తప్పు పడితే, తాతయ్య ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చారు. ఆ దిద్దిన కాగితం ఎప్పుడో పోయింది. తప్పున్న ప్రూఫు మాత్రం తెర మీద అలాగే ఉంది. "ఇది ఎందుకు ఉంచారు నాన్నా?" అంటే, "నాయన చూసిన ప్రూఫు కదా" అన్నారు. తర్వాత దాన్ని మూసేసి, రేపల్లె పెళ్ళివారి కార్డు తెరిచారు. కొత్త పేర్లు తెలుగులో కొట్టడం మొదలుపెట్టారు. సేవ్ నొక్కారు. ఏ పెట్టే రాలేదు.